స్పెషల్ ఎడ్ వల్ల గ్రీన్ కార్డ్ ఆగదు: అమెరికా బడుల గురించి మనవాళ్ళ అపోహలు, వాస్తవాలు

“అక్కా, ఈ కన్సెంట్ ఫారం మీద సంతకం పెడితే మా గ్రీన్ కార్డ్‌కి ఏమీ కాదు కదా?”

టెక్సాస్‌లో డాలస్ శివార్లలో ఒక పబ్లిక్ స్కూల్లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. తెలుగు తల్లిదండ్రుల నుంచి నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. స్పెషల్ ఎడ్ (స్పెషల్ ఎడ్యుకేషన్) అంటే వైకల్యం ఉన్న పిల్లలకి స్కూలు ఉచితంగా ఇచ్చే ప్రత్యేక సాయం. అది అవసరమో లేదో పరీక్షించడానికి తల్లిదండ్రులు ఒప్పుకునే కాగితమే ఆ ఫారం. అడిగినవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. అడగకుండా ఫారం బ్యాగులో పెట్టుకుని వెళ్ళి, మళ్ళీ తీసుకురానివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లాడు స్పెషల్ ఎడ్‌లో చేరితే ‘ప్రభుత్వానికి భారం’ అని ముద్ర వేస్తారు, ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) ఆగిపోతుంది.

ఆగదు. ‘పబ్లిక్ ఛార్జ్’ అనే నిబంధన ఉన్న మాట నిజమే. కానీ వాట్సాప్ గ్రూపుల్లో దాని పేరు చెప్పి భయపెట్టేవాళ్ళలో ఎంతమంది దాన్ని చదివారో నాకు అనుమానమే. 2022లో వచ్చిన నియమం ముఖ్యంగా చూసేవి రెండు: ఇల్లు గడవడానికి ప్రభుత్వం దగ్గర తీసుకున్న నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో ఏళ్ళ తరబడి ఏదైనా సంస్థలో ఉండటం. వారానికి రెండుసార్లు మీ అబ్బాయి నా గదికి వచ్చి ‘ర’ పలకడం నేర్చుకోవడం ఈ రెండింటిలో దేని కిందికీ రాదు. అంతెందుకు, 2019లో తెచ్చిన కఠినమైన నియమం మెడికెయిడ్‌ని (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాని) కూడా లెక్కలో వేసుకుంది. ఆ నియమం సైతం ఐడియా చట్టం (స్పెషల్ ఎడ్ హక్కులిచ్చే అమెరికా చట్టం) కింద స్కూల్లో అందే సేవల జోలికి పోలేదు. నియమాలు మళ్ళీ మారతాయేమోనని టెన్షన్ పడేవాళ్ళు మెడికెయిడ్, ఎస్ఎస్ఐ (వైకల్యం ఉన్న పేదవాళ్ళకీ, పేద వృద్ధులకీ ఇచ్చే నగదు సాయం) లాంటి వాటి గురించి వీసా లాయర్‌ని అడగండి. అది తెలివైన పని. స్కూలు సేవల్ని మాత్రం వాటితో కలిపేయకండి. స్కూలు మెడికెయిడ్‌కి బిల్లు పెట్టుకోవాలంటే మీ అనుమతి విడిగా అడగాలి. మీరు వద్దన్నా థెరపీ ఆపకూడదు, మిమ్మల్ని డబ్బు అడగకూడదు.

ఐడియా చట్టం మూలం 1975 నాటిది. అప్పటికి పది లక్షల మంది వికలాంగ పిల్లలకి పబ్లిక్ స్కూలు గడప తొక్కే వీలే లేదని అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆ చట్టంలోనే రాసుకుంది. మూడేళ్ళ నుంచి ఇరవై ఒకటి దాకా అర్హత ఉన్న ప్రతి బిడ్డకీ ఉచితంగా, తగిన చదువు చెప్పాలన్నది దాని సారాంశం. అందులో పౌరసత్వం షరతు లేదు. ఇక అసలు ఏ కాగితాలూ లేని పిల్లల్ని కూడా బడి నుంచి గెంటకూడదని సుప్రీంకోర్టు 1982లో తీర్పు ఇచ్చింది. ప్లైలర్ వర్సెస్ డో అనే ఆ కేసు మా డాలస్‌కి తూర్పున ఉన్న టైలర్ ఊరిదే. అలాంటిది హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న మీ పాపకి హక్కు ఉండదా?

వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. కిండర్‌గార్టెన్‌లోనే టీచర్ పరీక్ష చేయిద్దామంటే, ఒక తండ్రి “గ్రీన్ కార్డ్ వచ్చాక చూద్దాం” అన్నాడు. చెడ్డవాడు కాదు, కొడుకంటే ప్రాణం. ఆఫీసులో ఎవరో సీనియర్ ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడు. ఆ బాబు మూడో తరగతికి వచ్చి, పక్కవాళ్ళంతా కథల పుస్తకాలు చదువుతుంటే బాత్రూంలో దాక్కోవడం మొదలుపెట్టాక నా దగ్గరికి తీసుకొచ్చారు. మనవాళ్ళకి ఈబీ-2 (ఉద్యోగం ద్వారా వచ్చే ఒక రకం గ్రీన్ కార్డ్) క్యూ ఎంతుందో నేను చెప్పక్కర్లేదు. ఆ కుటుంబానికి గ్రీన్ కార్డ్ ఇప్పటికీ రాలేదు.

అపోహ: సమస్య ఉంటే స్కూలు వాళ్ళే చెబుతారు.

చెప్పాలనే చట్టం. కానీ మా టెక్సాస్ చరిత్ర తెలుసుకోండి. 2004లో ఇక్కడి రాష్ట్ర విద్యాశాఖ, స్కూలు జిల్లాల్లో (స్థానిక బడుల్ని నడిపే విభాగాల్లో) స్పెషల్ ఎడ్ పిల్లలు మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతం దాటకుండా ఉండాలని లక్ష్యం పెట్టింది. దేశ సగటు అంతకంటే బాగా ఎక్కువ. 2016లో హ్యూస్టన్ పత్రిక ఒకటి దీన్ని బయటపెట్టాక గాని అది పోలేదు. 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ, టెక్సాస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. కాబట్టి “టీచర్ ఏమీ అనలేదు” అని నిశ్చింతగా ఉండకండి, మీరే అడగండి.

అడగడం రాతలో ఉండాలి. పికప్ లైన్లో టీచర్‌తో అన్న మాటకి గడువులు వర్తించవు. ప్రిన్సిపాల్‌కో, జిల్లా స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కో ఈమెయిల్ పెట్టండి: “మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ కావాలి”. ఇంతే చాలు. టెక్సాస్‌లో 15 స్కూలు రోజుల్లో వాళ్ళు జవాబివ్వాలి. మీరు సంతకం పెట్టాక మామూలుగా 45 స్కూలు రోజుల్లో పరీక్షలు పూర్తి చేసి రిపోర్టు ఇవ్వాలి. ఆ తర్వాత 30 రోజుల్లో ఏఆర్డీ మీటింగ్, అంటే పిల్లాడికి అర్హత ఉందో లేదో, ఏ సేవలు ఇవ్వాలో మీతో కలిసి తేల్చే సమావేశం. పరీక్షకి ఒప్పుకున్నంత మాత్రాన సేవలకి ఒప్పుకున్నట్టు కాదు, దానికి మళ్ళీ మీ సంతకం కావాలి. మీటింగ్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ముందే చెప్పండి, ఖర్చు స్కూలుదే. దయచేసి పెద్దమ్మాయి చేత తమ్ముడి రిపోర్టు అనువాదం చేయించకండి.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే మాటలు ఆలస్యం.

ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆరు నెలలు ఉండిపోదామని తెనాలి నుంచి వచ్చిన ఒక నాయనమ్మని, ‘బాబు కన్‌ఫ్యూజ్ అవుతాడు’ అని ఇంట్లో మాట్లాడొద్దన్నారు. పాపం ఆవిడ మనవడి పక్కన మౌనంగా కూర్చునేది. రెండు భాషలు వినడం మాటల లోపానికి కారణం కాదు. లోపం ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగులో గలగలా మాట్లాడే పిల్లాడికి ఇంగ్లిష్ రాకపోతే అది లోపం కాదు, ఇంకా నేర్చుకోలేదంతే. ఇంగ్లిష్ రాదన్న కారణంతో వైకల్యం ఉందని తేల్చకూడదని, వీలైనంతవరకు పిల్లల భాషలోనే పరీక్షించాలని ఐడియా చట్టమే చెబుతోంది. ఆవిడని కథలు చెప్పనివ్వండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్పెషల్ ఎడ్ అని కాలేజీకి తెలిసిపోతుందా? కాలేజీకి పంపే ట్రాన్స్‌క్రిప్టులో వైకల్యం సంగతి రాయకూడదు. అదనపు సమయం తీసుకుని రాసిన ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు పక్కన గుర్తు పెట్టడం 2003లోనే ఆపేశారు.

జెండా ప్రతిజ్ఞ చెప్పకపోతే శిక్షిస్తారా? బలవంతంగా చెప్పించకూడదని సుప్రీంకోర్టు 1943లోనే చెప్పింది. టెక్సాస్‌లో తల్లిదండ్రుల ఉత్తరం అడుగుతారు, రాసివ్వండి.

దీపావళికి మానేస్తే గైర్హాజరా? మతపరమైన పండుగకి టెక్సాస్ చట్టం ప్రకారం మినహాయింపు ఉంది. ఉత్తరం ముందే ఇవ్వండి, జ్వరమని అబద్ధాలెందుకు?

ప్రైవేట్ స్కూల్లో కూడా ఇవే హక్కులా? కావు. రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ప్రైవేట్ స్కూల్లో చేర్చేముందు వాళ్ళ రూల్స్ చదువుకోండి.

వాషింగ్టన్‌లో విద్యాశాఖని ఖాళీ చేస్తున్నారు కాబట్టి ఐడియా పోయిందా? 2025 మార్చిలో సిబ్బందిని భారీగా తగ్గించారు, మూసేసిన పౌర హక్కుల ఆఫీసుల్లో మా డాలస్‌దీ ఉంది. దెబ్బే, కాదనను. కానీ కాంగ్రెస్ చేసిన చట్టం కాంగ్రెస్ తీసేస్తేనే పోతుంది. స్కూలు గడువు దాటిస్తే ఏడాదిలోపు రాష్ట్ర విద్యాశాఖకి ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మామూలుగా 60 రోజుల్లో వాళ్ళు తేల్చాలి. మీరు పంపిన ఆ మొదటి ఈమెయిల్ అక్కడ జతచేయాలి, డిలీట్ చేయకండి.