గ్రాంట్ కాలేజీకి, పని టీచర్‌కి: అమెరికా కమ్యూనిటీ కాలేజీల నిధుల వెనుక కథ

2025 ఏప్రిల్ నుంచి అమెరికాలో సైన్స్‌కు ప్రభుత్వ నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్, చరిత్ర, సాహిత్యం లాంటి వాటికిచ్చే నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద హ్యుమానిటీస్ తాము ఇచ్చిన గ్రాంట్లను వరుసగా రద్దు చేశాయి. రెండింటిలోనూ రద్దయినవి వెయ్యికి పైనే. పేపర్లలో హార్వర్డ్, కొలంబియా పేర్లు మారుమోగాయి. రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీలైన కమ్యూనిటీ కాలేజీల గోడు మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. పెద్ద యూనివర్సిటీకి గ్రాంట్ పోతే సొంత నిధి ఉంటుంది, కోర్టుకెళ్లడానికి లాయర్లు ఉంటారు. కమ్యూనిటీ కాలేజీలో పోతే, ఆ పని కోసం క్లాసులు తగ్గించుకున్న టీచర్ మీద అవన్నీ మళ్లీ వచ్చి పడతాయి. ఆ డబ్బుతో జీతం తీసుకుంటున్న కౌన్సెలర్ ఇంటికి వెళ్లాల్సి వస్తుంది.

ఈ కాలేజీలు పరిశోధన కోసం పుట్టినవి కావు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో ఒక హైస్కూల్లోనే ఆరుగురు విద్యార్థులతో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ (కమ్యూనిటీ కాలేజీకి అప్పటి పేరు) మొదలైంది. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, ఆ హైస్కూల్ అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి చేసిన ఆలోచన అది. డిగ్రీలో మొదటి రెండేళ్లు ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చుతో చదువుకోవచ్చు. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన కమిషన్ 1947లో ఇలాంటి కాలేజీలు దేశమంతా రావాలని చెప్పింది. 1960లలో దాదాపు వారానికొకటి చొప్పున పుట్టుకొచ్చాయి. స్థానిక ఆస్తిపన్ను, రాష్ట్ర ప్రభుత్వ డబ్బు, విద్యార్థుల ఫీజు, వీటి మీదే నడిచాయి. టీచర్‌ని తీసుకున్నది పాఠం చెప్పడానికే. సెమిస్టర్‌కి ఐదు క్లాసులు చాలాచోట్ల మామూలు. ఆ ఉద్యోగంలో గ్రాంట్ అడుగుతూ ప్రపోజల్ రాసుకునే తీరిక ఎక్కడా లేదు.

కేంద్రం డబ్బు రావడం మొదలైనప్పుడు కూడా అది టీచర్ చేతికి రాలేదు. 1963 నాటి చట్టం భవనాలకిచ్చే నిధుల్లో కమ్యూనిటీ కాలేజీలకు వాటా పెట్టింది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన ఉన్నత విద్యా చట్టంలోని టైటిల్ త్రీ అనే భాగం, వెనకబడిన కాలేజీలను నిలబెట్టడానికి వచ్చింది. అదే చట్టం కింద పెరిగిన ట్రయో కార్యక్రమాలు పేద కుటుంబాల నుంచి, ఇంట్లో ముందు తరం డిగ్రీ చదవని చోటి నుంచి వచ్చే పిల్లలకు తోడుగా నిలిచాయి. 1984లో వచ్చిన పెర్కిన్స్ చట్టం వృత్తి విద్యకు డబ్బిచ్చింది. ఆ డబ్బు కేంద్రం నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఫార్ములా ప్రకారం కాలేజీకి వస్తుంది. వెల్డింగ్ చెప్పే టీచర్ కొత్త మెషీన్ కావాలంటే డీన్‌ని అడగాలి.

ట్రయో గురించి ఒక మాట చెప్పాలి. గ్రాంట్ల చర్చంతా ప్రొఫెసర్ల చుట్టూ తిరుగుతుంది. ఈ కాలేజీల్లో గ్రాంట్ మీద బతికేది ఎక్కువగా సిబ్బందే. ట్యూటరింగ్ చూసేవాళ్లు, ఆర్థిక సాయం ఫారాలు నింపిపెట్టేవాళ్లు, యూనివర్సిటీకి మారే దారి చూపేవాళ్లు. గ్రాంట్ ఐదేళ్లు. ఐదో ఏడు రాగానే టెన్షన్ మొదలు. పదిహేనేళ్లు పనిచేసినా ఉద్యోగం పర్మనెంట్ అనుకోలేరు. పిల్లలకు ఈ పని ఎంత అవసరమో చూస్తే, దీన్ని ఇలా దినదిన గండంగా నడపడం అన్యాయం.

టీచర్‌ని ముందు నిలబెట్టిన చట్టం 1992 అక్టోబర్‌లో వచ్చింది. నార్త్ కరోలినా నుంచి గెలిచిన డేవిడ్ ప్రైస్ దీని వెనుక ముఖ్యుడు. కాంగ్రెస్‌కి వెళ్లకముందు ఆయన డ్యూక్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. పరిశ్రమలకు ఇంజనీర్లు దొరుకుతున్నారు కానీ చేతిపని, సాంకేతికం రెండూ తెలిసిన టెక్నీషియన్లు దొరకడం లేదన్నది అప్పటి బెంగ. వాళ్లను తయారుచేసేది రెండేళ్ల కాలేజీలు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బేమో ఎక్కువగా యూనివర్సిటీలకే పోతోంది. అందుకే ఈ కాలేజీల కోసం విడిగా ఒక కార్యక్రమం పెట్టమని చట్టం ఆదేశించింది. అలా పుట్టిందే అడ్వాన్స్‌డ్ టెక్నలాజికల్ ఎడ్యుకేషన్, అందరూ ఏటీఈ అంటారు. 1994 నుంచి గ్రాంట్లు మొదలయ్యాయి. మొత్తం ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది.

ఏటీఈ షరతుల్లో అన్నిటికంటే విలువైనది ఒకటుంది. ప్రాజెక్టులో రెండేళ్ల కాలేజీ టీచర్లకు నాయకత్వ పాత్ర ఉండి తీరాలి. యూనివర్సిటీ వాళ్లు ప్రపోజల్ రాసుకుని, చివర్లో ఒక కమ్యూనిటీ కాలేజీ పేరు తగిలించే పద్ధతికి ఇక్కడ చోటు లేదు. బయోటెక్నాలజీ, సైబర్ సెక్యూరిటీ, సెమీకండక్టర్లు, ఏ కోర్సు కట్టాలన్నా ఆ పాఠం చెప్పే మనిషే ముందుండాలి. పైగా ఆ డబ్బుతో టీచర్‌కి ఒకటి రెండు క్లాసులు తగ్గించవచ్చు. అంటే గ్రాంట్ కొనిచ్చేది సమయం. ఈ కాలేజీల్లో అంతకన్నా విలువైన వస్తువు లేదు.

అయినా ఏళ్లు గడిచేకొద్దీ గ్రాంట్ రాయడం వచ్చిన కాలేజీలకే మళ్లీ మళ్లీ వచ్చింది. అందుకే కొత్త కాలేజీల కోసం చిన్న గ్రాంట్ల విభాగం పెట్టారు. 2012లో సౌత్ కరోలినాలోని ఫ్లోరెన్స్-డార్లింగ్టన్ టెక్నికల్ కాలేజీ నుంచి మెంటర్-కనెక్ట్ అనే కార్యక్రమం మొదలైంది. ముందు గ్రాంట్ తెచ్చుకున్న టీచర్ కొత్తవాళ్ల పక్కన నెలల తరబడి కూర్చుని బడ్జెట్ నుంచి పేజీ మార్జిన్ల దాకా నేర్పిస్తారు. ఇన్ని చట్టాలు చేయలేని పని ఇది చేసింది.

2009 జులైలో ఒబామా మిషిగన్‌లోని మాకోంబ్ కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి ఈ కాలేజీలకు పదేళ్లలో 1,200 కోట్ల డాలర్లు ఇస్తానన్నారు. ఆరోగ్య బీమా చట్టం బేరసారాల్లో 2010కల్లా అది 200 కోట్లకు కుదించుకుపోయింది. కార్మిక శాఖ ద్వారా నాలుగు విడతల్లో 256 గ్రాంట్లుగా వెళ్లింది. ఆ డబ్బుతో తయారుచేసిన పాఠాలు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెట్టాలన్న షరతు మాత్రం మంచిది.

చరిత్ర, సాహిత్యం చెప్పేవాళ్లకు ఇంకా ఆలస్యమైంది. మెలన్ ఫౌండేషన్ అనే ప్రైవేటు దాతృత్వ సంస్థ డబ్బుతో, పండిత సంఘాల సమాఖ్య అయిన అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ లెర్నెడ్ సొసైటీస్ కమ్యూనిటీ కాలేజీ టీచర్లకే ప్రత్యేకంగా, ఒక్కొక్కరికీ 40,000 డాలర్ల వరకు ఫెలోషిప్పులు ఇవ్వడం 2019లో మొదలైంది. జోలియట్ నుంచి లెక్కేస్తే 118 ఏళ్లు! మన డిగ్రీ కాలేజీ లెక్చరర్ యూజీసీ మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టుకి తన పేరు మీద దరఖాస్తు చేసిన రోజులు తెలిసినవారికి ఇది వింతగా అనిపిస్తుంది.

ఇంతా చేసి, ఈ కాలేజీల్లో పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది పార్ట్‌టైమ్ అడ్జంక్టులు. లెక్కలు, కంప్యూటర్ సైన్స్ క్లాసులు చెప్పే మన తెలుగువాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. క్లాసుకింత అని జీతం. ప్రపోజల్ రాసిన గంటలకు పైసా రాదు. చిన్న కాలేజీలో గ్రాంట్ ఆఫీసంటే ఒక్కోసారి ఒకే మనిషి.

2025 సెప్టెంబర్‌లో విద్యా శాఖ జాతిపరంగా మైనారిటీ అయిన విద్యార్థులు ఎక్కువగా ఉన్న కాలేజీలకు ఇచ్చే నిధుల్లో సుమారు 35 కోట్ల డాలర్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆసియన్ అమెరికన్ విద్యార్థులున్న కాలేజీల కోసం 2007 చట్టంతో వచ్చిన నిధి కూడా అందులో ఉంది. ఈ డబ్బులో ఎక్కువ భాగం జీతాలు. ట్యూటర్లు, కౌన్సెలర్లు, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్లు. వాళ్లను ఉంచుకోవాలంటే కాలేజీ సొంత బడ్జెట్‌లో చోటు వెతకాలి. ఆ బడ్జెట్ మళ్లీ ఆస్తిపన్ను, రాష్ట్ర ప్రభుత్వ డబ్బు, విద్యార్థుల ఫీజే.