విల్లీ నెల్సన్ గిటార్‌కు చిల్లెందుకు పడింది? పాత గిటార్లపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి రిపేరుకు పాత గిటార్ తెచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ‘ట్రిగర్’ ఫొటో చూపిస్తారు. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1969 నుంచి వాయిస్తున్న మార్టిన్ కంపెనీ ఎన్-20 గిటార్ అది. సౌండ్‌హోల్ (గిటార్ మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం) పక్కనే ఇంకో పెద్ద చిల్లు. ఆ ఫొటో చూసి తమ గిటార్లను పాడుచేసుకుంటున్నవాళ్లు ఎక్కువయ్యారు.

అపోహ: చెక్క పాతబడి దానంతటదే చిల్లు పడింది.

వాస్తవం: అది క్లాసికల్ గిటార్. వేళ్లతో మీటడానికి చేసినది కాబట్టి గీతలు పడకుండా చెక్కను కాపాడే పిక్‌గార్డ్ రేకు ఉండదు. విల్లీ పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో వాయిస్తారు. పిక్ మొన గీరుకుని ముందు పాలిష్ పోయింది, తర్వాత చెక్క పోయింది. టాప్ (ముందువైపు పలక) మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లే మరి.

అపోహ: అంత చిల్లున్నా మోగుతోంది కదా, మన గిటార్‌కూ ఏం కాదు.

వాస్తవం: ట్రిగర్ అలా వదిలేసిన గిటార్ కాదు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో గిటార్లు తయారుచేసి బాగుచేసే మార్క్ ఎర్లివైన్ దశాబ్దాలుగా దాన్ని చూసుకుంటున్నారు. టాప్‌కు లోపల ఆసరాగా ఉండే చెక్క బద్దలు (బ్రేసులు) పరీక్షిస్తారు, అరిగినచోట లాకర్ పాలిష్ పూస్తారు. పైగా దానికున్నవి నైలాన్ తీగలు. ఆరు తీగలూ కలిసి లాగేది సుమారు 40 కిలోలే. స్టీల్ తీగలైతే సన్నవాటి (లైట్) సెట్ కూడా 70 కిలోలు దాటుతుంది. గట్టిగా మోగుతుందని క్లాసికల్ గిటార్‌కు స్టీల్ తీగలు వేయించుకునేవాళ్లకు నేను ఖచ్చితంగా వద్దనే చెప్తాను. చాలా క్లాసికల్ గిటార్లలో నెక్‌ను వంగకుండా ఆపే ఇనుప కడ్డీ (ట్రస్ రాడ్) కూడా ఉండదు, నెక్ వంగిపోతుంది. మీరు ఇప్పటికే వేయించి ఉంటే బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు కట్టే చెక్క ముక్క) వెనక అంచు చూడండి. దాని కింద విజిటింగ్ కార్డు దూరుతోందంటే జిగురు వదిలేస్తున్నట్టే. ఆ రోజే తీగలు వదులు చేయండి.

అపోహ: ఆ స్వరం పాత చెక్క మహిమ.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టే అపోహ ఇది. పాతదైతే చాలని పనికిరాని గిటార్‌కు వేలకు వేలు పోస్తున్నారు. విల్లీ కొన్నప్పుడు ట్రిగర్ కొత్త గిటారే. అంతకుముందు వాడిన బాల్డ్విన్ గిటార్ విరిగిపోతే, నాష్‌విల్‌లో గిటార్లు బాగుచేసే షాట్ జాక్సన్ దాని ప్రిస్మాటోన్ పికప్ (తీగల మోతను యాంప్‌కు పంపే పరికరం) తీసి ఈ మార్టిన్‌లో బిగించారు. విల్లీ దాన్ని చూడకుండానే 750 డాలర్లకు కొన్నారు. ఆ స్వరంలో సగం ఆ పికప్‌దీ, బాల్డ్విన్ యాంప్‌దీ. మిగతాది జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ను ప్రాణంగా విన్న విల్లీ చేతిది. టెక్సస్‌లోని గార్లండ్‌లో రికార్డయిన విల్లీ ఆల్బమ్ ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ 1975లో వచ్చింది. అప్పటికి గిటార్ వయసు ఆరేళ్లు! అందులో వాద్యాలు ఎంత తక్కువంటే, కొలంబియా రికార్డు కంపెనీవాళ్లు దాన్ని డెమో (నమూనా రికార్డింగ్) అనుకున్నారు. గిటార్‌ను అంత దగ్గరగా వినిపించిన కంట్రీ రికార్డులు తక్కువ.

అపోహ: కొత్త పాలిష్ వేయిస్తే పాత గిటార్ విలువ పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది. మందంగా పూస్తే మోత కూడా తగ్గుతుంది. పాలిష్‌కు పెట్టే డబ్బుతో మంచి కేసు, తేమ కొలిచే చిన్న మీటర్ కొనండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. హైదరాబాద్ ఎండలకు చెక్క పగులుతుంది, విశాఖ ఉక్కకు టాప్ ఉబ్బుతుంది.