స్వలింగ వివాహం: ‘జనం ఒప్పుకోరు’ అన్న మాట ఎవరిది?

బహుమతి మీద పన్ను కేసు ఒకటి స్వలింగ జంటల పెళ్లి గొడవను మళ్లీ పైకి తెచ్చింది. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ముడితే అది ఆదాయం కింద లెక్క. భార్యాభర్తలు ఇచ్చుకుంటే కాదు. ఒకే ఇంట్లో కలిసి బతుకుతున్న మేం బయటివాళ్లం ఎలా అవుతామని ఓ జంట 2025లో బాంబే హైకోర్టుకు వెళ్లింది. ఇలాంటి కోరిక వచ్చినప్పుడల్లా వద్దనేవాళ్ల జవాబు ఒకటే: మన సమాజం ఒప్పుకోదు.

స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కథ, అది నేరం కాదన్న 2018 సుప్రీంకోర్టు తీర్పు అందరూ చదివినవే. ఈ ‘ఒప్పుకోదు’ సర్కారీ కాగితం మీదికి ఎలా ఎక్కిందో తెలియాలంటే మాత్రం 2023 ఏప్రిల్ దగ్గర ఆగాలి.

హైదరాబాద్‌లో ఉండే ఇద్దరు మగవాళ్లు 2021 డిసెంబరులో నగర శివారు రిసార్టులో మెహందీ, హల్దీ, సంగీత్ అన్నీ పెట్టుకుని, ఇంటివాళ్లు, స్నేహితుల మధ్య ఒక్కటయ్యారు. వేడుకకు అడ్డేమీ రాలేదు. రిజిస్ట్రేషన్‌కే దారి లేదు. మతంతో పని లేకుండా పెళ్లి రిజిస్టర్ చేసే ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్లలో ఒకరి పేరుతో సుప్రియో కేసు అంటున్నది దీన్నే.

వాదనలకు ముందు కేంద్రం ఇది పట్టణ ఉన్నతవర్గాల ఆలోచన అని కోర్టుకు రాసిచ్చింది. 1987లోనే భోపాల్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు పెళ్లి చేసుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్లు ఏ ఉన్నతవర్గమో మరి!

ఏప్రిల్ 18న వాదనలు మొదలైన రోజే, అభిప్రాయం చెప్పమంటూ కేంద్రం రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. గడువు పది రోజులు. ఏడు రాష్ట్రాలే బదులిచ్చాయి. ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, మణిపూర్, సిక్కిం టైమ్ కావాలన్నాయి. వద్దన్నవి ఆంధ్రప్రదేశ్, అసోం, రాజస్థాన్. వేర్వేరు మతాల పెద్దలను అడిగామని, అందరూ వ్యతిరేకించారని ఆంధ్రప్రదేశ్ జవాబిచ్చింది. రాజస్థాన్ జిల్లా కలెక్టర్ల నుంచి నివేదికలు తెప్పించుకుంది. జనానికే ఆ కోరిక ఉంటే ఏదో ఒక ఊరి నుంచి విజ్ఞాపన వచ్చి ఉండేది కదా అన్నది దాని తర్కం. మన దగ్గర సోమవారం గ్రీవెన్స్‌కు, పింఛన్ల క్యూలో, పెళ్లి అర్జీ పట్టుకుని నిలబడే ఇద్దరు ఆడపిల్లలను ఊహించుకోండి. అలాంటివాళ్లు రాలేదు కాబట్టి అలాంటివాళ్లు లేరని తేలిపోయింది.

వ్యతిరేకించేవాళ్ల మాట మరీ కొట్టిపారేసేది కాదు. పెళ్లి సంస్కారమే గానీ ఒప్పందం కాదని ఆరెస్సెస్ అంది. ముస్లిం సంస్థ జమియత్ ఉలేమా కూడా సుప్రీంకోర్టులో అటువైపే నిలబడింది. లాయర్ల సంస్థ బార్ కౌన్సిల్ ఇంకాస్త ముందుకెళ్లి దేశంలో 99.9 శాతం మంది దీనికి వ్యతిరేకమని తీర్మానించేసింది. అదే ఏడాది అమెరికా సంస్థ ప్యూ రీసెర్చ్ సర్వేలో మన దేశంలో 53 శాతం అనుకూలం, 43 శాతం వ్యతిరేకం. సర్వే మనిషికి చెప్పే జవాబూ, సొంత కొడుకు నోరు విప్పినరోజు ఇచ్చే జవాబూ ఒకటే కావనుకోండి. అయినా 99.9 ఎక్కడ, 43 ఎక్కడ?

అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయాల్సింది పార్లమెంటేనని అయిదుగురు జడ్జీలూ అన్నారు. తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. తీర్పులో చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ రాసిన ఒక మాట మాత్రం జనంలోకి పెద్దగా వెళ్లలేదు. నగరంలో ఇంగ్లిష్ మాట్లాడే ఉద్యోగే కాదు, పొలంలో పనిచేసే ఆడమనిషి కూడా క్వియర్, అంటే భిన్న లైంగికత ఉన్న వ్యక్తి కావచ్చని ఆయన రాశారు.

మతపెద్దలందరూ వద్దన్నారని చెప్పిన ఆంధ్రప్రదేశ్‌లోనే 2024 డిసెంబరులో ఓ యువతి హైకోర్టు తలుపు తట్టింది. తనతో కలిసి ఉంటున్న అమ్మాయిని కన్నవాళ్లే తీసుకెళ్లి నిర్బంధించారని ఆమె ఫిర్యాదు. ఇద్దరూ మేజర్లు, ఇష్టమైనవాళ్లతో ఉండొచ్చు, జోక్యం చేసుకోవద్దని కోర్టు తల్లిదండ్రులకు చెప్పింది. అదే ఏడాది, రేషన్ కార్డు విషయంలో స్వలింగ జంటలను ఒకే కుటుంబంగా చూడాలని కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం, బాంబే హైకోర్టుకు వెళ్లిన ఆ జంట ఇప్పటికీ ఒకరికొకరు బయటివాళ్లే.