ఆటలోని కారుకు అసలు పేరు: ఒక వాదన వెనక నలభై ఏళ్లు

వీడియో గేములో కనిపించే కారు నిజానికి ఏ కంపెనీది, ఏ మోడల్, ఏ కాలపు తయారీ అనే ప్రశ్న విశాఖపట్నంలో కొత్తది కాదు. 2000ల తొలి సంవత్సరాల్లో ద్వారకానగర్, మద్దిలపాలెం, గాజువాక వంటి చోట్ల నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి వైస్ సిటీ ఆడిన కుర్రాళ్లు, తెర మీది ‘చీతా’ అనే కారు ఫెరారీయా లాంబోర్గినీయా అని వాదించుకునేవారు. ఇప్పుడు అదే వాదన ఫోన్లలో బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కు భారత్ రూపం) ఆడేవారి మధ్య, త్రీడీ మోడలింగ్ నేర్చుకుంటున్న విద్యార్థుల మధ్య నడుస్తోంది. కొన్ని ఆటల్లో కారు పేరు కంపెనీ బ్రోచర్‌లో ఉన్నట్టే ఉంటుంది, కొన్నింటిలో రూపం ఉండి పేరు ఉండదు, మరికొన్నింటిలో రూపం కూడా రెండు మూడు కార్ల నుంచి తెచ్చి అతికించినదై ఉంటుంది. ఏ ఆట ఏ దారి పట్టిందన్నది కార్ల కంపెనీలు తమ అనుమతిని ఎవరికి, ఎప్పుడు, ఏ షరతులతో ఇచ్చాయన్న దాని మీద ఆధారపడింది కనుక, ఈ గుర్తింపు వెనక ఉన్నది ప్రధానంగా లైసెన్సుల చరిత్రే.

మొదట్లో ఆ పట్టింపు పెద్దగా లేదు. సెగా కంపెనీ 1986లో యు సుజుకీ రూపకల్పనలో విడుదల చేసిన అవుట్‌రన్‌లో ఆటగాడు నడిపే ఎర్ర కారు ఫెరారీ టెస్టరోసా అని కార్ల సంగతి కొద్దిగా తెలిసినవారు కూడా చెప్పగలరు. అయినా సెగా అప్పుడు ఫెరారీ నుంచి లైసెన్సు తీసుకోలేదు. అధికారిక అనుమతి 2003 నాటి అవుట్‌రన్ 2తోనే వచ్చింది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆటలోని కారుకు పైకప్పు లేదు. ఫెరారీ మాత్రం పైకప్పు లేని టెస్టరోసాను అమ్మకానికి పెట్టనే లేదు. ఫియట్ అధినేత జియాన్నీ ఆన్యెల్లీ కోసం ప్రత్యేకంగా ఒక్కటంటే ఒక్కటి తయారు చేసి ఇచ్చింది. కాబట్టి ‘అవుట్‌రన్ కారు టెస్టరోసా’ అన్న మాట సగమే సరైనది. గుర్తింపులో ‘అదే కారు’ అనడానికీ ‘దాన్ని పోలిన కారు’ అనడానికీ ఉన్న తేడా ఆ తొలి రోజుల నుంచే ఉంది, నేటికీ ఎక్కువ తగాదాలు ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్లే వస్తున్నాయి.

1987లో అకొలేడ్ విడుదల చేసిన టెస్ట్ డ్రైవ్ పోర్షే 911 టర్బో, ఫెరారీ టెస్టరోసా, లోటస్ ఎస్‌ప్రీ, లాంబోర్గినీ కౌంటాష్, షెవర్లే కార్వెట్‌లను వాటి పేర్లతోనే చూపించింది. 1994లో వచ్చిన మొదటి నీడ్ ఫర్ స్పీడ్, అమెరికాలోని రోడ్ అండ్ ట్రాక్ పత్రిక సహకారంతో, కారు నడతను కూడా అసలుకు దగ్గరగా తేవాలని ప్రయత్నించింది. అసలు మలుపు మాత్రం 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన గ్రాన్ టురిస్మో. దాని రూపకర్త కజునొరి యమవుచి బృందం అందులో సుమారు 140 కార్లను పెట్టింది. అవన్నీ కలల కార్లు కావు, ఆఫీసుకు వెళ్లేవారు కొనుక్కునే మామూలు బండ్లు కూడా వాటిలో ఉన్నాయి. తర్వాతి భాగాల్లో సుజుకీ ఆల్టో వర్క్స్, వ్యాగన్ ఆర్ వంటివి కనిపించినప్పుడు, అదే పేరున్న బండి రోజూ ఆశీల్‌మెట్ట మీదుగా పోవడం చూసిన విశాఖ ఆటగాడికి అది ఎంత విచిత్రంగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ కాలపు సాంకేతికత కూడా గుర్తింపును ప్రభావితం చేసింది. మొదటి ప్లేస్టేషన్ మీద ఒక కారును దాదాపు 300 పాలిగన్లతోనూ (ఆకారాన్ని కట్టే చిన్న చదునైన ముక్కలు), ప్లేస్టేషన్ 2 మీద దాదాపు 4,000 పాలిగన్లతోనూ కట్టేవారు. మూడు వందల ముక్కలతో కట్టిన కారులో హెడ్‌లైటు, గ్రిల్, తలుపు పిడి ఏవీ విడిగా ఉండవు, పైన అంటించిన బొమ్మలో గీసి ఉంటాయి. కనుక అలాంటి కారును పోల్చుకోవాలంటే చిన్న వివరాల జోలికి పోకుండా కిటికీల గీత, పైకప్పు వంపు, ముందు వెనుక చక్రాల మధ్య దూరం చూడాలి. ఇప్పటికీ పాత ఆటల విషయంలో అనుభవజ్ఞులు ముందుగా చూసేది పక్క నుంచి కనిపించే ఆకారాన్నే.

పేర్లు రావడంతో పాటే షరతులు కూడా వచ్చాయి. తమ కారు నుజ్జయినట్టు చూపించడానికి చాలా కంపెనీలు ఇష్టపడలేదు. గ్రాన్ టురిస్మోలో 2010 నాటి ఐదో భాగం దాకా కారు గోడను ఢీకొన్నా సొట్ట పడకపోవడానికి ఇదొక కారణమని అంటారు. ఢీకొట్టడమే ప్రధానమైన బర్నౌట్ 2001లో మొదలైనప్పటి నుంచి ఊహా కార్లనే వాడుకుంది. ఇంకో పక్క, కొన్ని ఒప్పందాలు ఒకే ప్రచురణకర్తకు ప్రత్యేక హక్కు కట్టబెట్టాయి. పోర్షే విషయంలో ఆ హక్కు చాలా ఏళ్లపాటు, 2016 దాకా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతిలో ఉండటంతో మిగతావారు జర్మనీలోని రూఫ్ కంపెనీని ఆశ్రయించారు. రూఫ్ పోర్షే బాడీల మీదే బండ్లు కడుతుంది, కానీ జర్మన్ చట్టం దృష్టిలో అది స్వతంత్ర తయారీదారు. అందువల్ల గ్రాన్ టురిస్మోలో ఏళ్ల తరబడి 911ను తలపించే కార్లన్నీ రూఫ్ పేరుతోనే ఉన్నాయి. పోర్షే తన సొంత పేరుతో ఆ వరుసలోకి వచ్చింది 2017 నాటి గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లోనే. ఆ రూఫ్ కార్లను చూసి ‘911’ అని రాసేవారు విశాఖలోనే కాదు, అంతటా ఉన్నారు. ఆకారం వరకు వారి మాట అర్థం చేసుకోదగినదే, గుర్తింపుగా మాత్రం అది తప్పు. టయోటా కార్లు 2017 నాటి నీడ్ ఫర్ స్పీడ్ పేబ్యాక్‌లోనూ, 2018లో విడుదలైనప్పటి ఫోర్జా హొరైజన్ 4లోనూ లేకపోవడం కూడా ఇలాంటి ఒప్పందాల లోకానికి చెందిన విషయమే.

విశాఖలో ఎక్కువమంది మొదట ఆడినవి మాత్రం ఈ లైసెన్సు ఆటలు కావు. ఇక్కడి నెట్ సెంటర్ కంప్యూటర్ల మీద రాజ్యమేలినవి రాక్‌స్టార్ సంస్థ జీటీఏ వరుసలోని వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్. 2002లో, 2004లో వచ్చిన ఈ రెండింటిలో నేరాలు, హత్యలు, దొంగతనాలు కథలో భాగం కాబట్టి తమ పేరు అందులో కనిపించాలని ఏ కంపెనీ అయినా కోరుకుంటుందని అనుకోలేం. రాక్‌స్టార్ కూడా సొంత పేర్లతోనే నడిపించింది. వైస్ సిటీలోని చీతా టెస్టరోసాకు, ఫీనిక్స్ పాంటియాక్ ఫైర్‌బర్డ్‌కు దగ్గర. శాన్ ఆండ్రియాస్‌లోని జెడ్‌ఆర్-350 మజ్డా ఆర్‌ఎక్స్-7కు, జెస్టర్ టయోటా సుప్రాకు దగ్గర. అదే ఆటలోని సుల్తాన్‌లో మాత్రం సుబారు ఇంప్రెజా పోలికలూ లెక్సస్ ఐఎస్ పోలికలూ కలిసి ఉన్నాయి. దాన్ని ఏదో ఒక్క కారుగా తేల్చాలని పట్టుబట్టడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

ఇన్ఫర్నస్ కథ ఇంకా చిత్రమైనది. వైస్ సిటీలో ఆ పేరుతో ఉన్నది లాంబోర్గినీ కౌంటాష్‌ను పోలిన కారు. శాన్ ఆండ్రియాస్‌లో అదే పేరు హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ రూపానికి దక్కింది. తర్వాతి ఆటల్లో మళ్లీ లాంబోర్గినీ వైపు మళ్లింది. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టు, పేరు ఒకటే అయినా మనిషి వేరు. ఏ ఆటలోని ఇన్ఫర్నస్ గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా దాని అసలు మోడల్ ఏదని అడిగితే ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

ఈ నగరంలో సమస్యకు మరో పొర ఉంది. 2002 నాటి విశాఖ రోడ్ల మీద కనిపించినవి అంబాసిడర్లు, మారుతి 800లు, జెన్‌లు, ఎస్టీమ్‌లు, శాంత్రోలు, ఇండికాలు, క్వాలిస్‌లు, సుమోలు. నౌకాదళం బండ్లలో జిప్సీలు. సుప్రాను, స్కైలైన్‌ను ఇక్కడి కుర్రవాడు రోడ్డు మీద చూసే అవకాశం లేదు కనుక అతనికి ముందు తెలిసింది ఆటలోని నకలు, తర్వాత ఎప్పుడో ఫొటోలో తెలిసింది అసలు. విదేశీ ఆటగాడికి జరిగిన క్రమానికి ఇది తలకిందులు. పైగా మన కార్లలో చాలా భాగం బయటి దేశాల్లో వేరే పేర్లతో తిరిగినవే. అంబాసిడర్ మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్, పద్మినికి ఇటలీలోని ఫియట్ 1100, ఎస్టీమ్‌కు సుజుకీ కల్టస్, జిప్సీకి సుజుకీ జిమ్నీ వంశం, క్వాలిస్‌కు ఇండోనేషియాలోని టయోటా కిజాంగ్. కల్టస్‌ను తెర మీద చూసి ఇది ఎస్టీమ్ అన్న విశాఖ కుర్రవాడు తప్పు చెప్పినట్టు కాదు, అయితే ఆటలోని కారు ఏ దేశపు రూపమో, స్టీరింగ్ ఏ పక్కన ఉందో, బంపర్ ఏ ఏడాదిదో చూడకుండా అక్కడితో ఆగిపోతే పని సగంలో ఉన్నట్టే.

మోడ్‌ల సంగతి, అంటే ఆట ఫైళ్లలో ఆటగాళ్లు సొంతంగా చేసే మార్పుల సంగతి, ఇక్కడే చెప్పాలి. వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లలో కారు ఆకృతి డీఎఫ్ఎఫ్ ఫైలులో, పైన అంటించే బొమ్మ టీఎక్స్‌డీ ఫైలులో, తెర మీద కనిపించే పేరు వీటితో సంబంధం లేని ఇంకో ఫైలులో ఉంటాయి. మొదటి రెండింటినీ మార్చిన వాడు మూడోదాన్ని ముట్టుకోకపోతే, అంబాసిడర్‌లోకి ఎక్కినా తెర మీద ఆటలోని పాత కారు పేరు ‘అడ్మిరల్’ అనే వస్తుంది. నంబర్ ప్లేటు బొమ్మను మార్చితే 2019 ముందు దాకా విశాఖ బండ్లకు ఉన్న ఏపీ 31 కూడా రాసుకోవచ్చు. నకిలీ సీడీల్లో ఇలా మార్చిన ఆటలు విరివిగా తిరిగినందువల్ల, అసలు ఆటలోనే మారుతి ఉందని నేటికీ గట్టిగా చెప్పేవారు ఉన్నారు. వారి జ్ఞాపకం నిజమైనదే, ఆట కాపీ మాత్రం అసలుది కాదు. కాబట్టి మార్పులు లేని అసలు కాపీలో చూశాకే గుర్తింపును నమోదు చేయాలన్నది ఈ పనిలో ఉన్నవారు పాటించవలసిన మొదటి నియమం.

పేరు లేకుండా రూపాన్ని మాత్రం వాడుకుంటే చట్టం ఏమంటుందనే ప్రశ్నకు స్పష్టత నెమ్మదిగా వచ్చింది. హమ్వీ అనే సైనిక వాహనం తయారీదారు ఏఎం జనరల్ తన వాహనాన్ని కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల్లో అనుమతి లేకుండా వాడారని ఆ ఆటల ప్రచురణకర్త యాక్టివిజన్ మీద 2017 నవంబరులో అమెరికాలో దావా వేసింది. 2020 మార్చి 31న న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం యాక్టివిజన్ పక్షాన తీర్పు ఇచ్చింది: వాస్తవికత కళాత్మక లక్ష్యమైనప్పుడు, నిజమైన సైన్యాలు వాడే వాహనాలను ఆటలో చూపడం ఆ లక్ష్యానికి తోడ్పడుతుందని భావించింది. సినిమా శీర్షికలో పేరు వాడుకకు కళాస్వేచ్ఛ కింద రక్షణ ఇచ్చిన 1989 నాటి రోజర్స్ తీర్పును ఆధారం చేసుకున్న ఈ వాదనకు అమెరికా సుప్రీంకోర్టు 2023లో విస్కీ కంపెనీ జాక్ డేనియల్స్ కేసులో కొంత హద్దు గీసింది. మన వైపు 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం వస్తువు ఆకారాన్ని కూడా మార్కుగా గుర్తిస్తుంది. ఆకారం ఎంత విలువైన ఆస్తో తెలియాలంటే ఆటల దాకా వెళ్లనక్కరలేదు: జీపు రూపాన్ని పోలి ఉందన్న ఫిర్యాదుతో మహీంద్రా రాక్సర్ మీద అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ 2020 జూన్‌లో వ్యతిరేక నిర్ణయం ఇచ్చింది, ముందు భాగం మార్చాక అదే ఏడాది డిసెంబరులో కొత్త రూపానికి అభ్యంతరం లేదని చెప్పింది. ముందు భాగం మార్పుతో అసలు బండి విషయంలోనే ఫలితం మారినప్పుడు, ఆటల రూపకర్తలు హెడ్‌లైట్లు ఒక కారు నుంచి, టెయిల్ లైట్లు మరో కారు నుంచి తీసుకోవడం ఆశ్చర్యం కాదు.

ఫోన్ ఆటలు వచ్చాక ఈ రెండు దారులూ ఒకే ఆటలో కలిశాయి. పబ్‌జీలో మొదటి నుంచీ ఉన్న ‘డాసియా’ రొమేనియాలో తయారైన డాసియా 1300. అది మళ్లీ ఫ్రాన్స్‌లోని రెనో 12కు లైసెన్సు రూపం. అంబాసిడర్ వంశవృక్షం తెలిసిన మనకు ఇది సులభంగా అర్థమయ్యే సంగతి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ మీద భారత్‌లో నిషేధం వచ్చింది, 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. ఆ మధ్యకాలంలోనూ ఆ తర్వాతా ఈ ఆటల్లోకి మెక్‌లారెన్, టెస్లా, లాంబోర్గినీ వంటివి ఒప్పందాలతో సొంత పేర్లు పెట్టుకునే వచ్చాయి. 2025లో మహీంద్రా బీఈ 6 బీజీఎంఐలో కనిపించింది. ఇలాంటి చోట గుర్తించడానికి ఏమీ మిగలదు, పేరు అక్కడే రాసి ఉంటుంది.

అయితే ఒప్పందంతో వచ్చిన పేరు ఒప్పందం ముగియగానే పోతుంది. ఫోర్జా హొరైజన్ 2 అమ్మకాలు 2018 సెప్టెంబరులో, మూడో భాగం 2020 సెప్టెంబరులో, నాలుగోది 2024 డిసెంబరులో ఆగిపోయాయి. ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేసినప్పుడు యుబిసాఫ్ట్ చెప్పిన కారణాల్లో లైసెన్సు పరిమితులు ఒకటి. మరోవైపు జీటీఏ 4లో 2018 ఏప్రిల్‌లో గడువు తీరిన పాటలను తొలగించారు గానీ, అందులోని కార్లకు ఎవరి అనుమతీ గడువూ లేనందున వాటిలో ఒక్కదాన్నీ మార్చవలసిన అవసరం రాలేదు.