గోపాల్‌పూర్ ఇసుకలో గిల్టు నగ

బరంపురం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

సెలవులకు మెటల్ డిటెక్టర్ తెస్తున్నారని మీ అమ్మ చెప్పింది. గోపాల్‌పూర్ తీరంలో బంగారం కంటే గిల్టు సరుకే ఎక్కువ తగులుతుంది. ఆ మాటకు మొహం చిన్నబుచ్చుకోకండి. పాత చిలకలపూడి గాజు, రాళ్ల దిద్దు కూడా చూడముచ్చటైనవే. కాకపోతే ఉప్పు సగం తిన్నదాన్ని, దొరికిన సంబరంలో మనం రుద్ది మిగతా సగం పోగొడతాం.

ముందు మెషీను సంగతి. మన తీరపు ఇసుకలో నల్ల ఖనిజం ఎక్కువ. ఛత్రపూర్‌లో దాన్నుంచే ఇల్మనైట్, మోనజైట్ తీస్తారు. మీ పెరట్లో కుదిరిన సెట్టింగు ఇక్కడ కుదరదు. లోహం లేని చోట కాయిల్‌ను, అంటే మెషీను కింది చక్రాన్ని, పైకీ కిందికీ ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోండి, అంటే ఇసుకలోని ఖనిజానికి కూయకుండా మెషీనును సర్దుకోండి. తడి ఇసుకలో ఉప్పునీటికి ఒకే ఫ్రీక్వెన్సీ మెషీను ఊరికే కూస్తుంది. సెన్సిటివిటీ తగ్గించండి, లేదా పొడి ఇసుకలోనే తిరగండి.

గాజు గట్టిగా పలుకుతుంది, మూసిన వలయంలో కరెంటు చుట్టూ తిరుగుతుంది గనక. అదే గాజు విరిగితే మెషీను తెర మీద చూపే అంకె పడిపోతుంది. గొలుసు మరీ మోసకారి. మెషీనుకు అది గొలుసుగా కాదు, విడివిడి చిన్న లింకులుగా కనబడుతుంది. చాలాసార్లు పలికేది దాని కొక్కెమే. అందుకని తెగి తెగి వచ్చే సన్నని కూతను వదలొద్దు. సిగరెట్ డబ్బా రేకూ అలాగే పలుకుతుందనుకోండి, తవ్వి చూడక తప్పదు.

కూత నడిమధ్యలో బొరిగె దించకండి. నాలుగు వేళ్ల దూరంలో దించి, ఇసుకను కిందినుంచి ఎత్తండి. ఎత్తిన ఇసుకంతా సన్నకన్నాల జల్లెడలో పోయండి. ఊడిన రాయి, దిద్దు వెనక శీల అందులోనే ఉంటాయి. గుంట పూడ్చాకే అడుగు ముందుకు.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాక. ఇత్తడి చెంబులా చింతపండుతో తోమారా, చిలుముతోపాటు పూత కూడా పోతుంది. గిల్టు అంటే ఆ పల్చని పొరే, కింద ఉన్నది రాగో ఇత్తడో. రాళ్లు లేని నగను బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, రోజూ నీళ్లు మారుస్తూ కొన్నాళ్లు ఉంచితే ఉప్పు దిగుతుంది. రాళ్ల నగను మాత్రం ముంచకండి. గాజు రాయి వెనక మెరుపు రేకు ఉంటుంది. సందులో నీళ్లు దిగితే అది నల్లబడి రాయి చచ్చిపోతుంది, ఇక మెరవదు. తడిపి పిండిన దూదితో అద్ది, రాళ్లవైపు కిందికుండేలా బోర్లించి నీడలో ఆరబెట్టండి. అంటుకున్న ఇసుకను పంటిపుల్లతో గీకండి, సూదితో కాదు. లోపల లక్క నింపిన గాజులూ గుండ్లూ ఉంటాయి, వాటికి వేడినీళ్లు తగిలితే లక్క మెత్తబడి సొట్టపడతాయి. పాత చవక లోహంలో సీసం ఉండొచ్చు. నోట్లో పెట్టుకోకండి, చేతులు కడుక్కోండి.

అంచుల్లో, కొక్కెం దగ్గర పసుపు పోయి ఎర్రగా కనబడితే పూతే అనుకోండి. పుస్తెలో, 916 ముద్రున్నదో దొరికితే పోలీస్‌స్టేషన్‌లో అప్పగించండి. పాతిపెట్టిన పాత సొత్తు పది రూపాయల విలువ దాటితే, 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

అశోకుడి శాసనమున్న జౌగడలో డిటెక్టర్ సంచిలోంచే తీయొద్దు. ఋషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, పిల్లలు బయటికి రావడానికి మరో నెలన్నర పైనే పడుతుంది. అందాకా అటు బొరిగె పట్టుకెళ్లకండి. జల్లెడ ఇక్కడుంది, మీరు మోసుకురానక్కర్లేదు.

ఇట్లు
మీ తాతయ్య