సీసం ఒక్కటే రక్ష కాదు

ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపురం తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉందనీ, అందులో రేడియోధార్మిక లోహమైన థోరియం ఉందనీ బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. అక్కడ చదువుకుని ల్యాబుల్లో చేరే పిల్లలకు ఫాస్ఫరస్-32, ట్రిటియం (ఒక రకం హైడ్రోజన్) లాంటి రేడియోధార్మిక పదార్థాలూ ఎదురవుతాయి. ఒక్కోదాని కిరణం ఒక్కో రకం, జాగ్రత్త కూడా దాన్నిబట్టే.

ఫాస్ఫరస్-32 వదిలే బీటా కణాలు, అంటే వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు, గాలిలో దాదాపు 6 మీటర్లు పోతాయి. నేరుగా సీసం అడ్డుపెడితే అవి అందులో వేగం తగ్గి ఎక్స్ కిరణాలు పుట్టిస్తాయి. ముందు 1 సెంటీమీటరు మందం యాక్రిలిక్ పలక ఉండాలి. పదార్థం ఎక్కువగా ఉంటే ఆ పలకకు బయటివైపు సీసం పెట్టాలి. ఫాస్ఫరస్ ఉన్న సీసాను వేళ్లతో కాదు, పటకారుతో పట్టుకోవాలి. ఒంటికి తగిలిన కిరణాల మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీద ఉంటుంది, అది వేళ్లకు తగిలిన మోతాదు చెప్పదు, అందుకు ఉంగరం బ్యాడ్జి వేరే ఉంది. మన దేశంలో ఈ పని చేసే ఉద్యోగులకు మోతాదు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (కిరణాల మోతాదుకు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

ట్రిటియం దగ్గర బ్యాడ్జీ పనిచేయదు, కిరణాలను పసిగట్టే జీఎం (గైగర్-ముల్లర్) కౌంటరూ పలకదు. దాని బీటా అంత బలహీనం. కౌంటర్ మౌనంగా ఉంది కదా అని బల్ల శుభ్రమనుకోవడం చాలా ప్రమాదం. వడపోత కాగితంతో బల్ల తుడిచి, ఆ కాగితాన్ని లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో (కిరణం తగిలితే మెరిసే ద్రవంలో ముంచి, ఆ మెరుపులు లెక్కించే యంత్రంలో) చూడాల్సిందే.

కొత్త ప్రయోగమైతే ముందు రంగునీళ్లతో ఒకసారి చేసి చూడండి. చెయ్యి ఎక్కడ తడబడుతుందో, చుక్క ఎక్కడ పడుతుందో కళ్లకు కనిపిస్తుంది. ట్రేలో పీల్చే కాగితం పరిచేటప్పుడు ప్లాస్టిక్ వైపు కిందికి ఉండాలి. గ్లౌజులు రెండు జతలు వేసుకుని, పైజత తరచూ మార్చాలి. తలుపు పిడిగానీ ఫోన్‌గానీ ముట్టుకునే ముందు గ్లౌజులు తీసేయాలి. ఒలికితే పక్కవాళ్లకు చెప్పి, కాగితం కప్పి, అంచుల నుంచి మధ్యకు తుడవాలి. మధ్య నుంచి బయటికి తుడిస్తే మరక పెరుగుతుంది. చెప్పులు పరీక్షించకుండా ఎవరూ గది దాటకూడదు. చర్మానికి అంటితే గోరువెచ్చని నీళ్లు, సబ్బు చాలు. బ్రష్‌తో రుద్దితే చర్మం గీసుకుపోయి పదార్థం లోపలికి దిగుతుంది.

మోనజైట్ నూరేటప్పుడు అసలు భయం దుమ్ముతోనే. థోరియం వదిలే ఆల్ఫా కణాన్ని కాగితం కూడా ఆపుతుంది, కానీ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే అడ్డేమీ లేదు. నూరడం, డబ్బా మూత తీయడం గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, ఎందుకంటే మూసిన డబ్బాలో థోరియం నుంచి పుట్టే రేడియోధార్మిక థొరాన్ వాయువు చేరుతుంది.

చెత్తడబ్బాలు ఒక్కో రేడియోధార్మిక పదార్థానికి (ఐసోటోపుకు) ఒకటి ఉండాలి. ఫాస్ఫరస్-32 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 14.3 రోజులు, 143 రోజులు ఉంచితే వెయ్యోవంతుకు దిగుతుంది. అందులో 12.3 ఏళ్ల అర్ధాయువున్న ట్రిటియం చెత్త కలిపితే, ఆ డబ్బా ఎన్ని నెలలు ఆగినా పారేయడానికి వీలుండదు.