ఎవరి ఖాతాలో రాయాలి? ఫ్రేమ్ పాయింటర్ పోయి తిరిగొచ్చిన కథ

2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలు వినియోగదారుల కంటికి ఆనని మార్పు ఒకటి ఉంది. నడుస్తున్న ఫంక్షన్‌ను ఎవరు పిలిచారో వెనక్కి వెతుక్కోవడానికి ఉంచే గుర్తును ఫ్రేమ్ పాయింటర్ అంటారు. 64 బిట్ ప్యాకేజీలను ఆ ఫ్రేమ్ పాయింటర్లు ఉంచి కంపైల్ చేయడం అందులో డిఫాల్ట్ అయింది. మరో లైనక్స్ అయిన ఫెడోరా 38 అంతకు ఏడాది ముందే, 2023 ఏప్రిల్‌లో, ఆ పని చేసింది. దీనివల్ల ప్రోగ్రాములు కాస్త నెమ్మదిస్తాయని చేసినవాళ్లకూ తెలుసు, వద్దన్నవాళ్లకూ తెలుసు. ప్రోగ్రాముల వేగం పెంచడానికి ఉపయోగపడే మార్పు ముందుగా వేగాన్నే కొంత తినేస్తుందంటే వినడానికి తిరకాసుగా ఉంటుంది. ఆ తిరకాసు వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ప్రోగ్రాము టైమంతా ఏ ఫంక్షన్‌లో పోతోందో కనుక్కోవడం తొందరగానే కుదిరింది. ఆ ఫంక్షన్‌ను ఎవరు పిలవడం వల్ల పోతోందో చెప్పడమే కష్టమైంది.

1971లో డొనాల్డ్ క్నూత్ ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల మీద ఒక పరిశీలన ప్రచురించారు. పాఠాల కోసం రాసుకున్నవి కాకుండా జనం నిజంగా నడుపుకునే ప్రోగ్రాములు తీసుకుని, ఏ స్టేట్‌మెంట్ ఎన్నిసార్లు నడిచిందో లెక్క తీశారు. కోడ్‌లో 4 శాతం కూడా లేని భాగమే మొత్తం సమయంలో సగానికి పైగా తీసుకుంటోందని తేలింది. ఈ లెక్కలు తీసే ప్రోగ్రాము పేరు ఫోర్‌డాప్. దాన్ని దాని మీదే ప్రయోగిస్తే, అదీ సగానికి మించిన సమయం రెండు లూపుల్లోనే గడుపుతోందని బయటపడింది. గంట లోపే దాని వేగం రెట్టింపు చేశారు. ఇప్పటికీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ప్రొఫైలర్ (ప్రోగ్రాము సమయం ఎక్కడ పోతోందో కొలిచే సాధనం) ఎందుకో చెప్పాలంటే నేను ఈ ఉదాహరణే ఎంచుకుంటాను. లెక్కలు తీసే ప్రోగ్రామును సొంతంగా రాసినవాళ్లకే, ఆ రెండు లూపులూ కొలిచేదాకా కనబడలేదు.

1973లో యూనిక్స్ నాలుగో ఎడిషన్‌తో ‘ప్రొఫ్’ అనే కమాండ్ వచ్చింది. గడియారం టిక్ కొట్టినప్పుడల్లా ప్రాసెసర్ ఏ అడ్రస్ దగ్గర ఉందో కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, నమోదు చేస్తుంది. ప్రోగ్రాము ముగిశాక ‘ప్రొఫ్’ ఆ నమూనాలను ఫంక్షన్ల వారీగా పంచి, ఏది ఎంత శాతమో జాబితా ఇస్తుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడటం లాంటి పద్ధతి ఇది. నమూనాలు చాలినన్ని ఉంటే అంచనా బాగానే కుదురుతుంది, ప్రోగ్రాముకూ పెద్దగా అడ్డు రాదు.

చిన్న ప్రోగ్రాములకు ఈ జాబితా సరిపోయింది. బర్క్‌లీలో సుసాన్ గ్రాహమ్, ఆమె విద్యార్థులు పీటర్ కెస్లర్, మార్షల్ మెక్యూసిక్ పెద్ద ప్రోగ్రాములతో పనిచేస్తున్నప్పుడు అది చాలలేదు. మంచి ప్రోగ్రామర్ పనిని చిన్న చిన్న ఫంక్షన్లుగా విడగొడతారు కదా. అలా విడగొట్టిన కొద్దీ సమయం వందల ఫంక్షన్ల మీదికి పలచగా పాకిపోతుంది. పైన ఏ మెమరీ కాపీ ఫంక్షనో, స్ట్రింగులు పోల్చే ఫంక్షనో కనిపిస్తుంది, దాన్ని అంతగా వాడుతున్నది ఎవరో తెలియదు. 1982లో వాళ్లు ‘జీప్రొఫ్’ను పరిచయం చేస్తూ పేపర్ ప్రచురించారు. జీసీసీ అనే కంపైలర్‌లో అయితే ‘-పీజీ’ అనే ఫ్లాగ్‌తో కంపైల్ చేయాలి. అప్పుడు ప్రతి ఫంక్షన్ మొదట్లో చిన్న కోడ్ ముక్క చేరి, నన్ను ఫలానా చోటు నుంచి పిలిచారు అని రాసుకుంటుంది. ప్రోగ్రాము ముగిశాక ‘జీమాన్.అవుట్’ అనే ఫైలు మిగులుతుంది. దాన్ని చదివి ‘జీప్రొఫ్’ ప్రతి ఫంక్షన్ సమయాన్నీ దాన్ని పిలిచినవాళ్ల ఖాతాలో కూడా వేసి చూపిస్తుంది. పిలుపుల లెక్క రాసుకునే పనికి 5 నుంచి 30 శాతం దాకా అదనపు సమయం పడుతుందని ఆ పేపర్లోనే చెప్పారు.

ఇందులో పైకి కనిపించని మెలిక ఒకటుంది. పిలుపుల సంఖ్య కచ్చితంగా తెలుసు, ఫంక్షన్‌లో పోయిన మొత్తం సమయం నమూనాల వల్ల తెలుసు. ఏ పిలుపు ఎంత సమయం తీసుకుందో మాత్రం తెలియదు. అందుకని అన్ని పిలుపులూ సమానమే అనుకుని పంచేస్తుంది. ఒక సార్ట్ ఫంక్షన్‌ను మెనూ చూపించే కోడ్ పదేసి పేర్లతో 99 సార్లు పిలిచిందనుకోండి. నెలాఖరు రిపోర్టు తీసే కోడ్ పది లక్షల పేర్లతో ఒక్కసారి పిలిచింది. సార్ట్‌లో మొత్తం 10 సెకన్లు పోయాయి. ‘జీప్రొఫ్’ అందులో 9.9 సెకన్లు మెనూ ఖాతాలో, 0.1 సెకను రిపోర్టు ఖాతాలో రాస్తుంది. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. ఈ కాగితం చూసి మెనూ కోడ్ మీద వారం రోజులు కూర్చున్నా ఒరిగేదేమీ ఉండదు. షేర్డ్ లైబ్రరీలు, థ్రెడ్లు వచ్చాక ‘జీప్రొఫ్’ చూపు ఇంకా మందగించింది.

ఈ మెలికకు విరుగుడు ఒకటే. నమూనా తీసిన ప్రతిసారీ అప్పుడు నడుస్తున్న ఫంక్షన్‌తో పాటు దాన్ని పిలిచింది ఎవరు, వాళ్లను పిలిచింది ఎవరు అని ప్రోగ్రాము మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ దాకా పిలుపుల గొలుసు మొత్తం, అంటే స్టాక్, రాసుకోవాలి. అప్పుడు సగటుతో పనిలేదు. రిపోర్టు తీస్తుండగా పడిన నమూనాలన్నిటిలో రిపోర్టు ఫంక్షన్ పేరే ఉంటుంది.

2009 సెప్టెంబరులో లైనక్స్ 2.6.31తో కెర్నెల్ సోర్సులోనే భాగంగా ‘పెర్ఫ్’ అనే ప్రొఫైలర్ వచ్చాక ఇది అందరికీ చేతికందాలి. ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు, ఆపక్కర్లేదు. ‘పెర్ఫ్ రికార్డ్’ అని కొట్టి, ‘-జీ’ చేర్చి, నడుస్తున్న ప్రాసెస్ నంబరు ఇస్తే చాలు. చాలామంది సెకనుకు 100 బదులు 99 నమూనాలు అడుగుతారు. ప్రోగ్రాములో సరిగ్గా పది మిల్లీసెకన్లకోసారి జరిగే పని ఏదైనా ఉంటే, 100తో కొలిచినప్పుడు ప్రతిసారీ దాని మీదే పడవచ్చు, లేదా ఒక్కసారీ పడకపోవచ్చు.

అయినా స్టాక్ సరిగ్గా రాలేదు. ‘పెర్ఫ్ రిపోర్ట్’ తెరిస్తే రెండు పేర్ల తర్వాత గొలుసు తెగిపోయి, ‘అన్‌నోన్’ అన్న మాట కనిపించేది. దీనికి కారణం కంపైలర్లు అప్పటికే చేసిన ఒక పొదుపు.

64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఆర్‌బీపీ అనే రిజిస్టర్, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది, ఉంటుంది. ప్రతి ఫంక్షన్ మొదట్లోనే పాత ఆర్‌బీపీని స్టాక్ మీద (పిలుపుల వివరాలు పేర్చే మెమరీలో) దాచి, అది దాచిన చోటును ఆర్‌బీపీలో పెడితే దాన్నే ఫ్రేమ్ పాయింటర్ అంటాం. ఆ చోటుకు సరిగ్గా 8 బైట్ల పైన, తిరిగి ఎక్కడికి వెళ్లాలో ఆ అడ్రస్ ఉంటుంది, అంటే పిలిచినవాళ్ల చిరునామా. దాచిన విలువ పట్టుకుని పోతే దాని ముందు ఫంక్షన్ ఫ్రేమ్ (స్టాక్‌లో దాని వాటా) దొరుకుతుంది, అక్కడి నుంచి ఇంకొకటి. ఒక్కో మెట్టుకు రెండు మెమరీ రీడ్లు. ఇంటరప్ట్ మధ్యలో ఉన్న కెర్నెల్ కూడా ఈ పని క్షణంలో ముగించగలదు.

32 బిట్ కాలంలో మొత్తం సాధారణ రిజిస్టర్లు 8. స్టాక్ పాయింటర్‌కు ఒకటి, ఫ్రేమ్ పాయింటర్‌కు ఒకటి పోతే మిగిలేవి ఆరు. ఆ ఇరుకులో ఒక్క రిజిస్టర్ మిగిలినా లాభమే. 2011లో వచ్చిన జీసీసీ 4.6, 32 బిట్ లైనక్స్ మీద కూడా ఫ్రేమ్ పాయింటర్ వదిలేయడాన్ని డిఫాల్ట్ చేసింది. 64 బిట్‌లో రిజిస్టర్లు 16 అయ్యాయి, ఇరుకు తీరింది. అయినా అక్కడ మొదటినుంచీ వదిలేయడమే అలవాటైపోయింది. డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) వాడేవాళ్లకు ఏ లోటూ తెలియలేదు, ఎందుకంటే స్టాక్ విప్పడానికి కావలసిన సమాచారం కంపైలర్ రాసిపెట్టే డ్వార్ఫ్ పట్టికల్లో ఉంటుంది. డీబగ్గర్ ప్రోగ్రామును ఆపి, తీరిగ్గా ఆ పట్టికలు చదువుకుంటుంది. ప్రొఫైలర్‌కు ఆ తీరిక ఉండదు.

‘పెర్ఫ్’కు డ్వార్ఫ్ పద్ధతి కూడా చేర్చారు. ప్రతి నమూనాకూ డిఫాల్ట్‌గా 8 కేబీ స్టాక్‌ను కాపీ చేసుకుని, తర్వాత తీరిగ్గా విప్పుతుంది. సెకనుకు 99 నమూనాలతో 16 కోర్లు బిజీగా ఉన్న సర్వర్ మీద ఒక్క నిమిషానికి ఇది దాదాపు 780 ఎంబీ. ప్రొడక్షన్ సర్వర్ ఇబ్బందిలో ఉన్నప్పుడు దాని మీద ఇంకో భారం మోపడమే ఇది. స్టాక్ 8 కేబీ దాటి లోతుగా ఉంటే అప్పుడూ గొలుసు తెగుతుంది.

2011 డిసెంబరులో బ్రెండన్ గ్రెగ్ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఒక సమస్య వెతుకుతూ ఫ్లేమ్ గ్రాఫ్ కనిపెట్టారు. వేల స్టాకులను ఒకే బొమ్మలో పేర్చి, వెడల్పును బట్టి సమయం ఎటు పోతోందో చూపించే పద్ధతి అది. స్టాకులు తెగిపోయి ఉంటే ఆ బొమ్మ దేనికీ కొరగాదు. అందుకే ఒక్కొక్కరూ తమ పరిధిలో ఫ్రేమ్ పాయింటర్‌ను వెనక్కి తెచ్చుకోవడం మొదలైంది. 2015లో జావా 8 అప్‌డేట్ 60లో దాన్ని ఉంచే ఆప్షన్ వచ్చింది. 2016లో గో భాష వెర్షన్ 1.7, 64 బిట్ ఇంటెల్ మీద దాన్ని డిఫాల్ట్ చేసింది. మన కోడ్ ఎంత బాగా కంపైల్ చేసుకున్నా, మధ్యలో సిస్టమ్ లైబ్రరీ ఒకటి ఆర్‌బీపీని వేరే పనికి వాడేస్తే గొలుసు అక్కడితో సరి. అందుకే విషయం ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల దాకా వెళ్లింది.

2022లో ఫెడోరా ముందుకు ఈ ప్రతిపాదన వచ్చింది. తెచ్చినవాళ్లలో మెటా ఇంజనీర్లు ఉన్నారు. కొలతలూ పెట్టారు: జీసీసీతో కెర్నెల్ కంపైల్ చేయడం 2.4 శాతం నెమ్మదించింది, పైథాన్ పరీక్షల్లో కొన్ని 10 శాతం దాకా. కంపైలర్ బృందం గట్టిగా వ్యతిరేకించింది. కొద్దిమంది ప్రొఫైలింగ్ కోసం అందరి మెషీన్ల మీదా పన్ను ఎందుకన్నది వాళ్ల వాదన. ఫెడోరా సాంకేతిక కమిటీ మొదట కాదంది. 2023 జనవరిలో మళ్లీ ఓటు వేసి ఒప్పుకుంది. ఆ ఓటింగ్ పెట్టిన తీరు మీద కూడా గొడవైంది.

వ్యతిరేకించినవాళ్ల బాధ న్యాయమైనదే. అయినా ఈ పన్ను కట్టదగినదే అని నా అభిప్రాయం. కొలవగలిగితే దొరికే తప్పులు 2 శాతంతో ఆగవు. కొలత అందుబాటులో ఉండటం ఎంత పనికొస్తుందో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన డెబియన్ మెషీన్‌లో బెంచ్‌మార్కులు నడుపుతూ, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ సీపీయూ వాడుతోందని గమనించారు. 0.299 సెకన్లలో ముగియాల్సిన లాగిన్ ప్రయత్నం 0.807 సెకన్లు తీసుకుంటోంది. ‘పెర్ఫ్’తో చూస్తే సమయం ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్యాకేజీలోని లిబ్ఎల్‌జెడ్ఎంఏ లైబ్రరీలో పోతోంది, కానీ ఏ ఫంక్షన్ పేరు కిందా పడటం లేదు. పేరు లేని ఆ సమయమే ఆయనకు అనుమానం తెప్పించింది. ఎక్స్‌జెడ్‌లో ఎవరో దాచిన బ్యాక్‌డోర్ (దొంగచాటు దారి) అలా మార్చి 29న బయటపడింది.

రిజిస్టర్ ఖర్చు పెట్టకుండా స్టాక్ విప్పే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. కెర్నెల్ తన సొంత స్టాక్ కోసం 2017లో 4.14తో ఓఆర్‌సీ అనే చిన్న పట్టికలు తెచ్చుకుంది. మామూలు ప్రోగ్రాములకు అలాంటిదే ఎస్‌ఫ్రేమ్. 2023 జనవరిలో వచ్చిన బిన్‌యుటిల్స్ (కంపైల్ చేసేటప్పుడు వాడే సాధనాల కట్ట) 2.40 నుంచి దాన్ని తయారు చేయవచ్చు. అది పనికి రావాలంటే కెర్నెల్ కూడా ఆ పట్టికలు చదవగలగాలి, ప్యాకేజీలన్నీ వాటితో మళ్లీ కట్టాలి. అందాకా ఫెడోరాలో గానీ ఉబుంటులో గానీ ‘పెర్ఫ్ రికార్డ్ -జీ’ కొట్టినవాళ్లకు మెయిన్ దాకా స్టాక్ చూపించేది ఆర్‌బీపీనే.